హెడ్‌ఫోన్ ఎంపిక: వైరు సంగతి తర్వాత, ముందు చెవి సంగతి

వెనక మూసి ఉండే పెద్ద హెడ్‌ఫోన్ ఏదైనా పెట్టుకుని, డ్రమ్సో బేస్ గిటారో గట్టిగా మోగే పాట ఒకటి వేసి, చెవి కింది భాగాన కుషన్‌ను వేలితో ఒక అగ్గిపుల్ల మందాన పైకి లేపి చూడండి. పాట నడుస్తూనే ఉంటుంది, పాడేవారి గొంతు స్పష్టంగానే వినిపిస్తుంది, కానీ అడుగున గుమ్మని మోగుతున్న బేస్ ఉన్నట్టుండి ఊడ్చిపెట్టుకుపోతుంది. వేలు తీసేయగానే మళ్లీ వచ్చేస్తుంది. ఫైలు అదే, ఫోను అదే, హెడ్‌ఫోన్ లోపలి స్పీకరు అదే. మారిందల్లా చర్మానికీ కుషన్‌కీ మధ్య ఏర్పడిన చిన్న సందు.

హెడ్‌ఫోన్ కొనాలనుకునేవారు మామూలుగా తల పట్టుకునే ప్రశ్నలు వేరు. వైరుదా, వైర్‌లెస్సా? ఏ కోడెక్ (ధ్వనిని కుదించి పంపే పద్ధతి)? డ్రైవర్ (లోపలి స్పీకరు) 40 మిల్లీమీటర్లా, 50 మిల్లీమీటర్లా? ఈ ప్రశ్నలకు విలువ లేదని కాదు. కానీ ఆ అగ్గిపుల్ల మందం సందు తెచ్చే తేడా ముందు వీటిలో చాలావరకు చిన్నబోతాయి. ధ్వని నాణ్యతను ఒక గడిలో, సౌకర్యాన్ని ఇంకో గడిలో రాసుకుని విడివిడిగా మార్కులు వేయడం దగ్గరే ఎంపిక దారి తప్పుతుంది. చెవి మీద సరిగా కూర్చోని హెడ్‌ఫోన్ సరిగా వినిపించదు కూడా.

సందు చేసే పని

గదిలో పెట్టే స్పీకరు గదిలో ఉన్న గాలినంతా కదిలించాలి. హెడ్‌ఫోన్‌లోని పల్చటి పొరకు అంత పని లేదు. కుషన్‌కూ చెవికీ మధ్య చిక్కుకున్న గుప్పెడు గాలిని కదిలిస్తే చాలు. అంత చిన్న పొర నుంచి అంత లోతైన బేస్ ఎలా వస్తుందంటే, ఆ చిక్కుకున్న గాలి వల్లే. పొర ముందుకు జరిగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, వెనక్కి జరిగితే తగ్గుతుంది. కర్ణభేరి ఆ హెచ్చుతగ్గులనే ధ్వనిగా అందుకుంటుంది. బేస్ అంటే నిదానంగా సాగే కంపనం. సెకనుకు 40, 50 సార్లు మాత్రమే జరిగే ఆ ఊపులో, ఎక్కడైనా సందు దొరికితే గాలి తాపీగా బయటికి జారుకోగలదు. సెకనుకు వేలసార్లు కంపించే పై స్వరాల్లో అంత వ్యవధి ఉండదు. అందుకే సందు ఉన్నా గొంతు, తాళాలు వినిపిస్తాయి, బేస్ ఒక్కటే పోతుంది.

ఈ సందు ఏర్పడడానికి వేలు పెట్టక్కర్లేదు. కళ్లజోడు కాడ కుషన్ కింద నుంచి పోతే చాలు, దాని పైనా కిందా రెండు సన్నటి సొరంగాలు తయారవుతాయి. ఒత్తుగా ఉన్న జుట్టు అడ్డం వచ్చినా అంతే. చెవి వెనక కింది భాగాన, దవడ ఎముక మలుపు దగ్గర, చాలామందికి చిన్న పల్లం ఉంటుంది. గట్టి కుషన్ ఆ పల్లంలోకి ఒదగదు, మెత్తటిది ఒదుగుతుంది. ఒకే మోడల్ గురించి ఒకరు బేస్ మరీ ఎక్కువ అంటే ఇంకొకరు అసలు బేసే లేదనడం చూస్తుంటాం. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి తలలు వేరు, కళ్లజోళ్లు వేరు. కళ్లజోడు పెట్టుకునేవారు వేరొకరి సమీక్ష చదివి కొనేముందు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. సన్న కాడల జోడు, మెత్తటి లోతైన కుషన్ కలిస్తే ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది. మందపాటి ప్లాస్టిక్ కాడలకు గట్టి కుషన్ తోడైతే అటు బేస్ పోతుంది, ఇటు కణతల దగ్గర నొప్పి మొదలవుతుంది.

చెవి లోపల దూర్చుకునే ఇయర్‌ఫోన్ల విషయంలో ఈ సంగతి ఇంకా ముఖ్యం. పెట్టెలో మూడు నాలుగు సైజుల రబ్బరు టిప్పులు ఇస్తారు. చాలామంది తయారీదారు ముందే తొడిగి పంపిన మధ్య సైజుతోనే ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు, మిగతావి పెట్టెలోనే ఉండిపోతాయి. నిజానికి ఒక మనిషి కుడి చెవి రంధ్రం, ఎడమ చెవి రంధ్రం ఒకే కొలతలో ఉండాలని లేదు. ఒకవైపు చిన్నది, ఇంకోవైపు మధ్యది పెట్టుకోవాల్సి రావడం మామూలే. సరిగా కూర్చుందో లేదో తెలుసుకోవడం తేలిక: రెండూ పెట్టుకుని, పాట ఆపి, రెండు మాటలు మాట్లాడి చూడాలి. సొంత గొంతు తల లోపల బరువుగా, డప్పులో మాట్లాడినట్టు మోగితే రంధ్రం మూసుకుందని అర్థం. ఒకవైపు మామూలుగా వినిపిస్తే ఆ వైపు టిప్పు మార్చాలి. ఈ చిన్న మార్పుతో, బేస్ లేదని పక్కన పడేసిన ఇయర్‌ఫోన్ మళ్లీ చేతికి రావచ్చు. రబ్బరు నప్పకపోతే ఫోమ్ టిప్పులున్నాయి. వేళ్లతో నలిపి చెవిలో పెడితే నిదానంగా విచ్చుకుని రంధ్రం ఆకారానికి సర్దుకుంటాయి. త్వరగా పాడవుతాయి కానీ, వంకర రంధ్రాలకు వాటంత బాగా ఒదిగేవి లేవు.

చెవిని చుట్టుముట్టే పెద్ద హెడ్‌ఫోన్లకీ, చెవి లోపలి వాటికీ మధ్య మూడో రకం ఒకటుంది. చెవి మీద ఆనించుకునే చిన్న కప్పుల రకం అది. తేలిక, మడతపెట్టి సంచిలో వేసుకోవచ్చు. కానీ చెవి డొప్ప ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి దాని మీద కుషన్ పూర్తిగా అతుక్కోదు, అతుక్కునేలా నొక్కితే గంట తిరగకుండానే మృదులాస్థి నొప్పెడుతుంది. ఎక్కువసేపు వినేవారికి ఈ రకం నప్పదు.

పెట్టె మీది అంకెలు

20 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత) అని దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. మనిషి చెవి వినగల పరిధి కూడా దాదాపు అదే, అదీ పడుచు వయసులో. వయసుతో పాటు పై అంచు కిందికి దిగుతూ వస్తుంది. ఆ పరిధిలో ఏ స్వరం ఎంత గట్టిగా, ఎంత మెల్లగా వస్తుందో చెప్పకుండా రెండు కొసలు మాత్రం రాస్తే, అది ఊరి పొలిమేరలు చెప్పి ఊరంతా చూపించామన్నట్టే. 5 నుంచి 40,000 హెర్ట్జ్ అని రాసి ఉన్నంత మాత్రాన మెరుగైనదని కాదు. డ్రైవర్ సైజు సంగతీ అంతే. 50 మిల్లీమీటర్ల డ్రైవర్ సరిగా అమర్చకపోతే, శ్రద్ధగా తయారైన 30 మిల్లీమీటర్ల దాని ముందు తేలిపోతుంది.

మరి మంచి ధ్వని అంటే ఏమిటి? అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా వినిపించేదే మంచిదని పైకి అనిపిస్తుంది. హెడ్‌ఫోన్‌లో ఆ సూత్రం పనిచేయదు. ఎదురుగా ఉన్న మనిషి మాట్లాడితే ఆ ధ్వని చెవి డొప్ప మీద పడి, రంధ్రం గుండా కర్ణభేరిని చేరేలోపే సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర బాగా పెరుగుతుంది. పుట్టినప్పటి నుంచి మెదడు ఆ పెరుగుదలకు అలవాటుపడి ఉంటుంది. హెడ్‌ఫోన్ చెవి పక్కనే ఉండి ఈ దారిని కొంత తప్పించేస్తుంది కాబట్టి, ఆ లోటును తనే పూడ్చాలి. లేకపోతే గొంతులు ముసుగు వేసినట్టు మొద్దుబారి వినిపిస్తాయి. ఎంత పూడిస్తే ఎక్కువమందికి సహజంగా అనిపిస్తుందో తేల్చడానికి హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ 2013 ప్రాంతం నుంచి పరిశోధన పత్రాలు వెలువరించారు. ఏ హెడ్‌ఫోనో చెప్పకుండా వినిపించి, శ్రోతల ఇష్టాయిష్టాలు నమోదు చేసి గీసిన ఆ గీతనే ఇప్పుడు హర్మన్ కర్వ్ అంటున్నారు. మంచి గదిలో మంచి స్పీకర్లు వినిపించే తీరుకు దగ్గరగా ఉంటుంది, అడుగున బేస్ కాస్త ఎత్తుగా ఉంటుంది. అది వేదం కాదు. కానీ ఎవరి అభిప్రాయాన్ని నమ్మాలో తెలియనప్పుడు, ఒక మోడల్ కొలతలు ఆ గీతకు ఎంత దగ్గరో చూడడం గుడ్డిగా కొనడం కంటే చాలా నయం.

ధరకూ ధ్వనికీ ఉన్న సంబంధం గురించి కూడా ఒక అధ్యయనం ఉంది. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 280కి పైగా హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరల పక్కన పెట్టి చూస్తే, ధర పెరిగిన కొద్దీ ధ్వని తీరు మెరుగైన దాఖలా కనిపించలేదు. ఎక్కువ డబ్బు కట్టుబడిలోకీ, లోహంలోకీ, పేరులోకీ పోతుంది. కొంత కుషన్లలోకి కూడా పోతుంది. ఆ చివరిది మాత్రం వృథా కాదు.

డ్రైవర్ రకాల గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. తీగచుట్ట, అయస్కాంతం, పొర ఉండే డైనమిక్ రకమే అత్యధికం. పల్చటి పొర మీదే తీగను పరిచి రెండు వైపులా అయస్కాంతాలు పెట్టే ప్లానార్ రకం బాగుంటుంది, కానీ ఆ అయస్కాంతాల వల్ల బరువు పెరుగుతుంది. ఎలక్ట్రోస్టాటిక్ రకానికి ప్రత్యేక యాంప్లిఫయర్ ఉండి తీరాలి. ఏ రకంలోనైనా మంచివీ ఉన్నాయి, పేలవమైనవీ ఉన్నాయి.

ఒకటి మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. 6,000 నుంచి 10,000 హెర్ట్జ్ మధ్య ఎక్కడైనా మరీ ఎత్తు ఉంటే ‘స’, ‘ష’ అక్షరాలు ఈలలా కోస్తాయి. మొదటి ఐదు నిమిషాలు అది ‘ఆహా, ఎంత స్పష్టం’ అనిపిస్తుంది. గంట గడిచేసరికి ఎందుకో తెలియని చిరాకు, హెడ్‌ఫోన్ తీసేయాలన్న తొందర. మెత్తటి కుషన్ ఉన్నా ఈ బాధ తప్పదు. కొద్దిసేపు విని ముచ్చటపడి కొన్న హెడ్‌ఫోన్లు బల్ల సొరుగులో మూలపడడానికి ఇదొక పెద్ద కారణం.

వెనక మూసినవీ తెరిచినవీ

1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ హెచ్‌డీ 414 అనే హెడ్‌ఫోన్‌ను తెచ్చింది. పసుపు రంగు స్పాంజితో, వెనక మూత లేకుండా, గాలి ఆడేలా ఉండేది. అంతవరకు హెడ్‌ఫోన్ అంటే చెవులను బిగించి మూసే బరువైన వస్తువు. వెనక తెరిచి ఉంచితే పొర వెనక పుట్టే ధ్వని లోపల కొట్టుకోకుండా బయటికి పోతుంది, సంగీతం తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త విశాలంగా వినిపిస్తుంది. చెవులకు చెమట పట్టదు. ఇబ్బంది ఏమిటంటే బయటి రొద అంతా లోపలికి వస్తుంది, లోపలి పాట పక్కవారికి వినపడుతుంది. నిశ్శబ్దమైన గదిలో ఒంటరిగా గంటల తరబడి వినేవారికి ఈ రకాన్ని మించింది లేదు. బస్సులోనో నలుగురు కూర్చున్న చోటనో పనికిరాదు. మైకు ముందు పాడుతూ వినేవారూ దీన్ని వాడకూడదు, హెడ్‌ఫోన్ నుంచి కారిన ధ్వని రికార్డింగులోకి ఎక్కుతుంది.

వైరు లేకపోతే పోయేదేమిటి

బ్లూటూత్ ధ్వనిని కుదించి పంపుతుంది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. బ్లూటూత్ సంగీతానికి తప్పనిసరి కోడెక్ అయిన ఎస్‌బీసీ మామూలుగా 328 వరకు పంపుతుంది. ఆప్ట్‌ఎక్స్ 352, సోనీ వారి ఎల్‌డ్యాక్ గరిష్ఠంగా 990. ఈ అంకెలు చూసి వైర్‌లెస్‌లో మూడొంతులు సంగీతం పోతుందని బెంగపడేవారు ఉన్నారు. కుదింపు అలా పనిచేయదు. పెద్ద ధ్వని చాటున చెవికి ఎలాగూ వినపడని చిన్న ధ్వనులను తగ్గించి రాయడమే దాని పని. నిశ్శబ్దమైన గదిలో, మంచి హెడ్‌ఫోన్‌తో, తెలిసిన పాటను జాగ్రత్తగా పోల్చి వింటే ఎస్‌బీసీకీ వైరుకీ తేడా కొందరు పట్టగలరు. రైలు రొదలో ఎవరూ పట్టలేరు. కళ్లజోడు కాడ చేసిన సందు వల్ల పోయే బేస్‌ను మాత్రం మొదటిసారి విన్నవారు కూడా పడతారు.

కోడెక్ పేరు చూసి కొనేముందు అది ఫోనులోనూ హెడ్‌ఫోన్‌లోనూ ఉందో లేదో చూడాలి. ఐఫోన్లు ఏఏసీ, ఎస్‌బీసీ కోడెక్‌లలో మాత్రమే పంపుతాయి. ఎల్‌డ్యాక్ హెడ్‌ఫోన్‌ను వాటికి జత చేస్తే ఆ ప్రత్యేకతకు పనే ఉండదు. ఆండ్రాయిడ్‌లో 2017 నాటి 8వ వెర్షన్ నుంచి ఎల్‌డ్యాక్ ఉంది కానీ, జనం కిక్కిరిసిన చోట సిగ్నల్ నిలబడడం కోసం అది 990 నుంచి 660కి, 330కి తనంతట తానే దిగిపోతుంది.

వైర్‌లెస్‌కు ఒక మేలు ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. అందులో ధ్వనిని సరిదిద్దే చిప్పు ఉంటుంది. ఫలానా డ్రైవర్, ఫలానా కుషన్ కలిస్తే ఎక్కడ ఎత్తు వస్తుందో, ఎక్కడ పల్లం వస్తుందో తయారీదారుకు ముందే తెలుసు కాబట్టి చిప్పులోనే సర్దేస్తారు. ఇది కళ్లారా కాదు గానీ చెవులారా తెలుసుకోవచ్చు: కేబుల్ పెట్టే వీలున్న వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌ను స్విచ్ ఆపేసి, వైరు తగిలించి వింటే చాలా మోడళ్లలో పాట వెలిసిపోయినట్టు వస్తుంది. వైరు పెట్టినా దిగజారిందంటే, అంతకుముందు సర్దుతున్న చిప్పు ఆగిపోవడమే కారణం. ఫోను యాప్‌లో ఈక్వలైజర్ (ఏ స్వరం ఎంత గట్టిగా రావాలో సర్దే సాధనం) ఉంటే, కోస్తున్న ‘స’ను రెండు మూడు డెసిబెళ్లు కిందికి దించుకోవచ్చు కూడా.

వైర్‌లెస్‌లో అసలు లోపాలు వేరే చోట ఉన్నాయి. మొదటిది ఆలస్యం. కుదించడానికి, పంపడానికి, విప్పడానికి మొత్తం సెకనులో ఐదో వంతు దాకా పట్టవచ్చు. సినిమా చూసేటప్పుడు ప్లేయర్లు బొమ్మను కూడా అంతే ఆపి పెదవులకూ మాటకూ పొత్తు కుదురుస్తాయి. ఆటలోనూ, వాద్యం వాయించేటప్పుడూ అలా కుదర్చడానికి వీల్లేదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఐదో వంతు సెకను ఆలస్యమంటే, కీబోర్డు వాయించేవారు తమ వాద్యాన్ని సుమారు 69 మీటర్ల అవతల నిలబడి వింటున్నట్టు. అలా తాళం నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. సంగీతం నేర్చుకునేవారికి, రికార్డింగు చేసేవారికి వైరు తప్ప వేరే మాట లేదు.

రెండోది మైకు. ల్యాప్‌టాప్‌లో పాట వింటూ ఉండగా మీటింగు మొదలై మైకు తెరుచుకోగానే, పాట పాత టెలిఫోనులో వచ్చినట్టు కుంచించుకుపోతుంది, కుడి ఎడమలు కలిసిపోతాయి. హెడ్‌ఫోన్ పాడైందని కంగారుపడి మార్చేసేవారు ఉన్నారు. అది పాడవలేదు. పాత బ్లూటూత్ పద్ధతిలో సంగీతానికి ఒక దారి, ఫోను మాటలకు ఇంకో దారి. మైకు తెరవగానే మొత్తం రెండో దారికి మళ్లుతుంది. ఆ దారిలో సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలే పోతాయి కాబట్టి 4,000 లేదా 8,000 హెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. మీటింగు సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుంటే చాలు, వినికిడి మళ్లీ మామూలవుతుంది. 2020 జనవరిలో వచ్చిన బ్లూటూత్ 5.2తో మొదలైన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి, దాని ఎల్‌సీ3 కోడెక్ ఈ చిక్కును చాలావరకు విప్పుతాయి. అయితే ఫోను లేదా కంప్యూటరులోనూ, హెడ్‌ఫోన్‌లోనూ అది ఉంటేనే.

మూడోది ఆయుష్షు, ఇదే అన్నిటికన్నా బాధ కలిగించేది. ఇయర్‌బడ్‌లో బ్యాటరీ గోరంత. రోజూ వాడితే రెండు మూడేళ్లకు దాని సత్తువ తగ్గి, నాలుగు గంటలు మోగినది రెండు గంటలకే చతికిలబడుతుంది. డ్రైవర్లు నిక్షేపంగా ఉంటాయి, కానీ జిగురుతో మూసేసిన డొప్పను విప్పి బ్యాటరీ మార్చడం సాధ్యం కాక మొత్తం చెత్తలోకి పోతుంది. బాగున్న వస్తువును పారేయాల్సి రావడం సాంకేతిక అవసరం కాదు, రూపకల్పనలో చేసుకున్న ఎంపిక. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ చట్టం, చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలన్న నిబంధనను 2027 ఫిబ్రవరి నుంచి అమలు చేయాలంటోంది. తలమీది పెద్ద హెడ్‌ఫోన్లలో మాత్రం బ్యాటరీ పెద్దది, ఛార్జింగులు తక్కువ, అందుకే ఎక్కువ కాలం నిలుస్తాయి.

వైరు హెడ్‌ఫోన్‌కు ఇలా గడువు తీరడం లేదు. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 పాతికేళ్లు దాటినా అమ్ముడవుతూనే ఉంది, విడిభాగాలు దొరుకుతున్నాయి. వైరుకు చావు వచ్చేది ఎక్కువగా ఒక చోటే, పిన్ను మెడ దగ్గర. అక్కడ వంగి వంగి లోపలి తీగ తెగి, ఒక చెవి వినపడడం మానేస్తుంది. కేబుల్ ఊడదీసి మార్చుకునేలా ఉంటే అదొక చిన్న ఖర్చు, లేకపోతే హెడ్‌ఫోన్ మొత్తానికే ముప్పు. కాబట్టి వైరుది కొనేటప్పుడు ఊడే కేబుల్ ఉందా అన్నదే మొదటి ప్రశ్న కావాలి. చెవిలో పెట్టుకునే వైరు ఇయర్‌ఫోన్లతో ఇంకో చికాకు ఉంది: నడుస్తుంటే వైరు చొక్కాకు రాసుకుని ఆ దబదబ నేరుగా చెవిలో మోగుతుంది. వైరును చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకుంటే చాలావరకు ఆగిపోతుంది.

2016లో ఐఫోన్ 7 నుంచి మొదలుపెట్టి చాలా ఫోన్లలో 3.5 మిల్లీమీటర్ల జాక్ మాయమైంది. దాని బదులు వాడే యూఎస్‌బీ-సీ అడాప్టర్‌ను తక్కువ అంచనా వేయకూడదు. చిటికెన వేలంత ఉండే ఆ ముక్కలో అంకెలను ధ్వనిగా మార్చే చిప్పు, చిన్న యాంప్లిఫయర్ రెండూ ఉంటాయి. 16 నుంచి 32 ఓమ్‌ల (విద్యుత్తుకు హెడ్‌ఫోన్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) హెడ్‌ఫోన్లను అది హాయిగా నడుపుతుంది. 250, 300 ఓమ్‌ల వాటికి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి, వాల్యూమ్ చివరిదాకా పెంచినా మెల్లగానే మోగవచ్చు. ఓమ్‌ల పక్కనే సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే) అంకె కూడా చూడాలి, ఆ రెండూ కలిస్తేనే విడి యాంప్లిఫయర్ కావాలో వద్దో తేలుతుంది.

రొదను తగ్గించడం, వాల్యూమ్ తగ్గించడం

బోస్ సంస్థ నాయిస్ క్యాన్సిలేషన్ (బయటి రొదను అణచే) హెడ్‌ఫోన్ ఆలోచన విమానంలో పుట్టింది. 1978లో జ్యూరిక్ నుంచి తిరిగి వస్తున్న ఆ సంస్థ స్థాపకుడు అమర్ బోస్, విమానం హోరులో సంగీతం సరిగా వినపడక అక్కడే లెక్కలు వేయడం మొదలుపెట్టారు. ఆయన సంస్థ పైలట్ల కోసం అలాంటి హెడ్‌సెట్‌ను 1989లో అమ్మకానికి తెచ్చింది. మైకు బయటి రొదను వింటుంది, చిప్పు దానికి సరిగ్గా తలకిందులైన అలను పుట్టిస్తుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి అణచుకుంటాయి. ఇంజిను, ఏసీ, రైలు పట్టాల హోరు లాంటి ఒకే తీరున సాగే బొంగురు రొదకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. సుమారు 1,000 హెర్ట్జ్ పైన దాని పట్టు సడలుతుంది. పక్కవారి మాటలు, గిన్నెల చప్పుడు ఆపాల్సింది కుషనే. ఇక్కడ కూడా సందు ఉంటే ఆట ముగిసినట్టే: అణచిన హోరు ఆ సందులోంచే మళ్లీ వచ్చేస్తుంది. కొందరికి ఇది ఆన్ చేయగానే చెవులు దిబ్బళ్లు పడినట్టు అనిపిస్తుంది. అలాంటివారు కొనేముందు తప్పక పెట్టుకుని చూడాలి.

దీన్ని విలాసంగా చూడడం పొరపాటు. బయట రొద ఉంటే చేయి తనంతట తానే వాల్యూమ్ పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెళ్ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ గడువు సగమవుతుంది కాబట్టి 90 డెసిబెళ్లకు చేరేసరికి వారం మొత్తానికి మిగిలేది 4 గంటలే. లోపలి చెవిలో ధ్వనిని అందుకునే రోమకణాలు ఒకసారి చనిపోతే తిరిగి మొలవవు. రోజూ రొదలో ప్రయాణం చేస్తూ వినేవారికి, బయటి శబ్దాన్ని బాగా ఆపే హెడ్‌ఫోన్ అంటే వినికిడికి కాపలా. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం ఆ కాపలాయే ప్రమాదం. అక్కడ హెడ్‌ఫోన్ తీసేయాల్సిందే.

గంట తర్వాత తెలిసేవి

1979లో సోనీ వాక్‌మన్‌తో వచ్చిన హెడ్‌ఫోన్ 50 గ్రాముల దరిదాపు ఉండేది. నడుస్తూ సంగీతం వినడం అలవాటు కావడంలో ఆ తేలికదనానికి పెద్ద వాటా ఉంది. ఇప్పటి వైర్‌లెస్ పెద్ద హెడ్‌ఫోన్లు ఎక్కువగా 250 గ్రాముల చుట్టూ ఉంటాయి, కొన్ని ప్లానార్ రకాలు 500 గ్రాములు దాటుతాయి. బరువు కంటే అది పడే చోటు ముఖ్యం. సన్నటి పట్టీ నడినెత్తిన ఒకే చోట ఆనితే, 250 గ్రాములైనా గంటకు ఆ చోట నాణెం పెట్టి నొక్కినట్టు నొప్పి పుడుతుంది. వెడల్పాటి పట్టీ కింద ఊయలలా వేలాడే ఇంకో మెత్తటి పట్టీ ఉంటే దానికి రెట్టింపు బరువు కూడా తెలియదు.

కప్పు లోపల చెవికి చోటు ఉండాలి, లోతు కూడా ఉండాలి. చెవి డొప్ప కొస లోపలి గుడ్డకు తగులుతూ ఉంటే మొదట్లో ఏమీ అనిపించదు, నలభై నిమిషాలకు మంట పుడుతుంది. బిగింపు మరీ ఎక్కువైతే దవడ నొప్పి, మరీ తక్కువైతే తల వంచగానే జారిపోవడం, సందు పడడం. కొత్తలో బిగుతుగా ఉన్నవి వాడుకలో కొంత వదులవుతాయి, అలాగని నొప్పి పెడుతున్నదాన్ని ఆ ఆశతో కొనకూడదు. కృత్రిమ తోలు కుషన్లు బాగా మూస్తాయి, కానీ వేడి పుట్టించి చెమట పట్టిస్తాయి. వెల్వెట్ లాంటి గుడ్డవి చల్లగా ఉంటాయి, వాటి పోగుల్లోంచి కొంత బేస్ కారుతుంది. సౌకర్యం కోసం కుషన్ రకం మారిస్తే ధ్వని కూడా మారుతుందని తెలిసే మార్చాలి.

కాబట్టి ఐదు నిమిషాల పరీక్ష చాలదు. వీలైతే అరగంట పెట్టుకోవాలి, కళ్లజోడుతోనే పెట్టుకోవాలి. ఆవులించి, తల వంచి, పక్కకు తిప్పి చూడాలి. బాగా తెలిసిన పాటలే వినాలి, ఒకటి గొంతు ఒంటరిగా వినిపించేది, ఒకటి మృదంగమో డ్రమ్సో నిండుగా ఉన్నది. రెండిటిని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టడం మరచిపోకూడదు. కాస్త గట్టిగా మోగినదే మెరుగని చెవి తీర్పు చెప్పేస్తుంది. ఇంటికి తెచ్చుకున్నాక నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, కుషన్లు విడిగా అమ్ముతారా అని కూడా అడిగి తెలుసుకోవాలి.

రెండో ప్రశ్న విలువ రెండు మూడేళ్లకు తెలుస్తుంది. కృత్రిమ తోలు పొరలు పొరలుగా ఊడి మెడ మీద నల్లటి నలుసులు రాలుతాయి, లోపలి స్పాంజి అణగారి చెవి డ్రైవర్‌కు ఆనుతుంది, బేస్ ఎప్పుడు తగ్గిందో కూడా తెలియకుండా తగ్గిపోయి ఉంటుంది. అలాంటి పాతదాన్ని పారేసే ముందు దానితో ఒక పాట పెట్టి, రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా తలకు అదిమి చూడాలి. గుమ్మన్న బేస్ తిరిగి వచ్చిందంటే డ్రైవర్లు ఆరోగ్యంగానే ఉన్నాయి, అరిగిపోయినవి కుషన్లే. చెవిలో పెట్టుకునే రకమై ఒకవైపు మెల్లగా వినిపిస్తుంటే, ముందు టిప్పు తీసి కొసన ఉన్న సన్నటి జల్లెడను వెలుతురులో పట్టుకుని చూడాలి. చాలాసార్లు అక్కడ గులిమి అడ్డుపడి ఉంటుంది. జల్లెడను కిందివైపు తిప్పి పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్‌తో తుడిస్తే మూగబోయిన ఆ వైపు మళ్లీ పలుకుతుంది.